బేస్‌మెంట్‌లో గది: ముందు నీటి సంగతి, తరువాతే గోడ సంగతి

ప్రశ్న: మేము చికాగోకు పశ్చిమాన నేపర్‌విల్‌లో, 2014లో కట్టిన ఇల్లు కొనుక్కున్నాము. బేస్‌మెంట్ ఇంకా ఖాళీ కాంక్రీటుగానే ఉంది. గోడలకు బిల్డరు తెల్లటి ప్లాస్టిక్ తొడుగున్న ఫైబర్‌గ్లాస్ దుప్పట్లు వేలాడదీశాడు. వచ్చే వేసవిలో మా అత్తమామలు విజయవాడ నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు కనుక కింద ఒక పడకగది, స్నానాలగది, చిన్న హాలు కట్టించాలని ఉంది. ఆ దుప్పట్లను అలాగే ఉంచి, వాటి ముందు చెక్క ఫ్రేము నిలబెట్టి డ్రైవాల్ (కాగితం అంటించిన జిప్సం పలకలు) బిగిస్తే చాలునని ఒక కాంట్రాక్టరు అంటున్నారు. అవన్నీ తీసేసి గోడకు ఫోమ్ బోర్డు అంటించాలని, అందుకు ఖర్చు బాగా పెరుగుతుందని మరొకరు అంటున్నారు. పర్మిట్ జోలికి పోకపోతే పని త్వరగా అయిపోతుందని మిత్రుల సలహా. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: ఇన్సులేషన్ విషయంలో రెండవ కాంట్రాక్టరు చెప్పినదే సరైనది. పర్మిట్ విషయంలో మిత్రుల మాట వినకండి. అయితే ఈ ఇద్దరు కాంట్రాక్టర్లలో ఎవరూ ప్రస్తావించినట్లు లేని పని ఒకటి వీటన్నిటికంటే ముందుంది. ఆ గోడల గుండా, ఆ నేల గుండా నీరు ఎంత వస్తున్నదో తెలుసుకోకుండా ఒక్క చెక్కముక్క కూడా నిలబెట్టవద్దు. ఖాళీ బేస్‌మెంట్‌లో చెమ్మ చేరితే కంటికి కనబడుతుంది, తుడిచేస్తే పోతుంది. అదే చెమ్మ డ్రైవాల్ వెనుక చేరితే నెలల తరబడి ఎవరికీ తెలియదు, తెలిసేనాటికి బూజు వాసనగానే తెలుస్తుంది.

ఈ పరిశీలన చాలావరకు ఇంటి బయట మొదలవుతుంది. పైకప్పు మీది వాన నీటిని దింపే డౌన్‌స్పౌట్లు గోడ మొదట్లోనే నీళ్ళు వదులుతుంటే వాటిని కనీసం ఐదారు అడుగుల దూరానికి పొడిగించండి. ఇంటి చుట్టూ మట్టి మొదటి పది అడుగులలో ఆరు అంగుళాలైనా బయటికి వాలి ఉండాలన్నది అమెరికా నివాస భవనాల నియమావళిలోని మాట. ఇల్లు కట్టి పదేళ్ళు దాటిందంటే పునాది పక్కన పూడ్చిన మట్టి కుంగి, ఆ వాలు ఇంటివైపు తిరిగి ఉండే అవకాశం ఎక్కువ. లోపల, పునాది చుట్టూ చేరిన నీరు పోగయ్యే సంప్ గుంటలో రెండు మూడు బకెట్ల నీళ్ళు పోసి పంపు తనంతట తాను పని మొదలుపెడుతున్నదో లేదో చూడండి. పెద్ద గాలివానలో కరెంటు పోయేదీ, పంపు అవసరం పడేదీ ఒకే గంటలో కాబట్టి బ్యాటరీ మీద నడిచే రెండవ పంపు ఉండడం విలాసమేమీ కాదు. ఆ తరువాత పద్దెనిమిది అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్కలను నేల మీద, గోడ మీద నాలుగైదు చోట్ల అంచులన్నీ టేపుతో మూసి అంటించి మరునాటి దాకా వదిలేయండి. ప్లాస్టిక్ లోపలివైపు చెమర్చినా, కాంక్రీటు నల్లబడినా తేమ మట్టి నుంచి వస్తున్నదన్నమాట. వీలైతే మంచు కరిగి వానలు పడే ఒక వసంతకాలమంతా గమనించిన తరువాతనే పని మొదలుపెట్టడం మంచిది. మీ అత్తమామలు వేసవికే వస్తున్నారు కనుక ఇది మీకు కష్టమైన సలహా అని తెలుసు.

ఇక దుప్పట్ల సంగతి. ఫైబర్‌గ్లాస్ చలిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు. జనవరిలో పైభాగపు కాంక్రీటు బయటి చలికి గడ్డకట్టినంత చల్లగా ఉంటుంది. ఇంటిలోని వెచ్చని గాలి ఫైబర్‌గ్లాస్ సందుల గుండా దూరి ఆ గోడను తాకగానే అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. జులైలో కథ మరోలా నడుస్తుంది. అప్పుడు మట్టిలోతున ఉన్న గోడ అడుగుభాగం గాలికంటే చల్లగా ఉంటుంది. 75 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిమి, అరవై శాతం తేమ ఉన్న గాలి 60 డిగ్రీల ఉపరితలాన్ని తాకితే అక్కడ చెమర్చడం మొదలవుతుంది. దీనికి తోడు కాంక్రీటు గుండా మట్టి తేమ కూడా లోపలికి వస్తూనే ఉంటుంది. దుప్పటి మీది ప్లాస్టిక్ తొడుగు ఈ తేమ గదిలోకి ఆరిపోకుండా అడ్డుకుంటుంది. అంటే నీరు లోపలికి రావడానికి దారి ఉంది, బయటపడడానికి లేదు. దాని ముందు చెక్క ఫ్రేము, డ్రైవాల్ నిలబెడితే ఆ రెండింటికీ తడి పక్కనే కాపురం పెట్టినట్లవుతుంది. బూజుకు కావలసిన ఆహారం డ్రైవాల్ మీది కాగితమే.

ఫోమ్ బోర్డు ఈ చిక్కును మొదట్లోనే తెంచుతుంది. గోడకు నేరుగా, నడుమ ఖాళీ లేకుండా అంటించి, అతుకులను టేపుతో, పై అంచును, కింది అంచును సీలెంటుతో మూసివేస్తే ఇంటి గాలి చల్లని కాంక్రీటును తాకదు, తాకకపోతే చెమర్చదు. ఎక్స్‌పీఎస్ అనే రంగు బోర్డు అంగుళానికి ఆర్-5 (ఆర్ అంటే వేడి దాటకుండా ఆపే శక్తికి కొలత) ఇస్తుంది, ఈపీఎస్ అనే తెల్లటి గింజల బోర్డు సుమారు ఆర్-4 ఇస్తుంది. చికాగో ప్రాంతం ఐదవ వాతావరణ మండలంలో ఉంది. అక్కడ బేస్‌మెంట్ గోడకు ఎడతెగని పొరగా అయితే ఆర్-15, ఫ్రేము నడుమ నింపేది అయితే ఆర్-19 ఉండాలని ఇంధన నియమావళి అడుగుతుంది. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ అంటించి, దాని ముందు రెండు-బై-నాలుగు ఫ్రేము కట్టి, అందులో ప్లాస్టిక్ గానీ కాగితం గానీ లేని ఆర్-13 ఫైబర్‌గ్లాస్ నింపితే ఆ లెక్క హాయిగా దాటుతుంది. ఈ అమరికలో మరొక పాలిథీన్ తెర వేయనక్కరలేదు. వేస్తామని ఎవరైనా పట్టుబడితే, పైఅంతస్తు గోడలకు సరిపోయే అలవాటును వారు భూగర్భంలోకి తెస్తున్నారని అర్థం చేసుకోండి. స్ప్రే ఫోమ్ కూడా మంచిదే. క్లోజ్డ్ సెల్ రకం అంగుళానికి ఆర్-6కు పైనే ఇస్తుంది, వంకర మూలల్లో బాగా పట్టుకుంటుంది, ఖరీదు మాత్రం ఎక్కువ.

గోడ మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు కూడా రిమ్ జాయిస్ట్‌ను మరచిపోతుంటారు. కాంక్రీటు గోడ ముగిసి, పైఅంతస్తు నేల దూలాలు ఆనే ఆ చెక్క పట్టీ బయటి గాలికి ఎంతో దగ్గర. అక్కడి సందుల నుంచి చలికాలమంతా గాలి దూరుతుంది. దూలాల నడుమ ఫోమ్ ముక్కలు కోసి పెట్టి, అంచులను డబ్బా ఫోమ్‌తో మూయడం ఒక శనివారం మీరే చేసుకోగల పని. బేస్‌మెంట్‌లో పెట్టిన ప్రతి డాలరుకు తక్షణం ఫలితమిచ్చే చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఫోమ్ మండుతుంది. అందుచేత నివాసపు గదిలో దానిని అరంగుళం డ్రైవాల్‌తో కప్పితీరాలి. గోడకూ ఫ్రేముకూ నడుమ మిగిలిన సందులో మంటలు పాకకుండా సీలింగు దగ్గర నిలువునా, అడ్డంగా అయితే పది అడుగులకొకసారి ఫైర్‌బ్లాకింగ్ పెట్టాలి. ఇన్‌స్పెక్టర్లు మొదట చూసేది దీనినే. ఫ్రేము అడుగు చెక్క మందు పట్టించినదై ఉండాలి, డ్రైవాల్ నేలకు ఆనకుండా అరంగుళం ఎత్తున ఆగాలి.

పడకగది అన్నారు కనుక కిటికీ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణం కాపాడేది అదే. మెట్లవైపు మంటలుంటే లోపలివారు బయటపడడానికి, అగ్నిమాపక సిబ్బంది లోపలికి రావడానికి పడకగదిలో ఈగ్రెస్ కిటికీ తప్పనిసరి. అది తెరచినపుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి. వెడల్పు ఇరవై అంగుళాలకు, ఎత్తు ఇరవైనాలుగు అంగుళాలకు తగ్గరాదు. కిటికీ కింది అంచు నేల నుంచి నలభైనాలుగు అంగుళాలకు మించి ఎత్తున ఉండరాదు. కిటికీ బయట తవ్విన గుంట తొమ్మిది చదరపు అడుగులైనా ఉండాలి, నలభైనాలుగు అంగుళాలకంటే లోతైతే దానికి నిచ్చెన బిగించాలి. కాంక్రీటు గోడను కోయవలసి వస్తే అది ఇంటిని మోసే గోడ కనుక ఇంజనీరు చూడకుండా కోయించవద్దు. గది ఎత్తు ఏడు అడుగులు ఉండాలి కాబట్టి డక్టుల కింద టేపు పెట్టి ఇప్పుడే కొలవండి.

స్నానాలగదికి బిల్డరు నేలలో గొట్టాలు వదిలి ఉంటే సగం పని అయినట్లే. మురుగు గొట్టం నేలకంటే పైన వెళుతున్న ఇళ్ళలో మురుగును పైకి తోసే ఎజెక్టర్ పంపు పెట్టవలసి ఉంటుంది. ఇంటిని వెచ్చబరచే ఫర్నేసు, వాటర్ హీటర్ ఉన్న మూలను చిన్న గదిగా మూసివేసేటప్పుడు వాటికి మండడానికి గాలి ఎక్కడి నుంచి వస్తుందో కాంట్రాక్టరు మీకు వేలు పెట్టి చూపించాలి. ఫర్నేసు ముందు మనిషి నిలబడి పని చేసేందుకు రెండున్నర అడుగుల చోటు వదలాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం కింద ఉండాలి, అవి పైఅంతస్తు వాటితో కలిసి మోగాలి. విద్యుత్ పనికి సంబంధించి మీ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది: చికాగో చుట్టుపక్కల చాలా ఊళ్ళలో తీగలు లోహపు గొట్టాలలోనే వెళ్ళాలి. వేరే రాష్ట్రంలో తీసిన వీడియో చూసి ప్లాస్టిక్ తొడుగు కేబుల్ లాగించుకున్నవారు మళ్ళీ పీకించుకున్నారు.

గోడలు మూయకముందే రేడాన్ పరీక్ష చేయించండి. మట్టిలోని యురేనియం క్షయించే క్రమంలో పుట్టే ఈ వాయువుకు రంగు, వాసన లేవు; అమెరికాలో పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఇదే ముఖ్య కారణమని పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే సరిచేయించాలన్నది ఆ సంస్థ సూచన. నేల కింది నుంచి పైకప్పు దాకా ఒక పీవీసీ గొట్టం ఇప్పటికే ఉంటే దానికి ఫ్యాను అమర్చడం చాలావరకు సరిపోతుంది. ఇల్లినాయ్‌లో డబ్బు తీసుకుని ఈ పని చేసేవారికి రాష్ట్ర లైసెన్సు ఉండాలి.

పర్మిట్ వల్ల ఆలస్యమవుతుందన్నది నిజమే. అయితే గోడ మూయకముందు ఫ్రేము, తీగలు, గొట్టాలు, ఇన్సులేషన్ చూసే ఇన్‌స్పెక్టరు, ఏ లాభాపేక్షా లేకుండా మీ తరఫున చూసే రెండవ కన్ను. ఇల్లు అమ్మేనాడు పర్మిట్ లేని గదిని గురించి కొనేవారి వకీలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం, అగ్నిప్రమాదం జరిగితే బీమా సంస్థతో వాదించడం, ఇప్పటి ఆలస్యంకంటే తేలికేమీ కాదు. ఇంకొక మాట: ఇంటికి విలువ కట్టే అప్రైజర్లు నేల కింది విస్తీర్ణాన్ని పై అంతస్తుల విస్తీర్ణంతో కలపరు, విడిగా చూపుతారు. కనుక ఇది మీ వాడుక కోసం పెట్టే ఖర్చే అనుకోండి. ఇన్సులేషన్‌పై లభించిన ఫెడరల్ పన్ను మినహాయింపు కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది.

చివరగా, మీరు అడగని సంగతి. పెద్దవారికి మోకాళ్ళ నొప్పులుంటే వంటింటికీ, వాకిలికీ రోజుకు నాలుగైదుసార్లు బేస్‌మెంట్ మెట్లు ఎక్కి దిగడం శిక్షే. కింది గదిని మీ ఆఫీసుగా మార్చుకుని, పైన మీరు ఆఫీసుగా వాడుతున్న గది ఏదైనా ఉంటే దానిని వారికిస్తే పడకగది కిటికీ ఖర్చు మిగులుతుంది, వారికి పగటి వెలుతురు దక్కుతుంది.

ప్రశ్న: మాది ఎడిసన్‌లో 1958 నాటి ఇల్లు. బేస్‌మెంట్ గోడలు కాంక్రీటు బ్లాకులవి. కింది రెండు వరుసల మీద తెల్లటి పొడి తేలుతుంది, జులైలో ముక్కిపోయిన వాసన వస్తుంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేసి ప్యానెళ్ళు బిగిస్తే ఒక విద్యార్థికి అద్దెకు ఇవ్వవచ్చునని ఒకరు చెబుతున్నారు. నేల మీద తొమ్మిదంగుళాల పాత పలకలున్నాయి, వాటిని పగలగొట్టించాలా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పలకలతో మొదలుపెడదాము. ఆ కాలపు తొమ్మిదంగుళాల పలకల్లోనూ, వాటి కింది నల్లటి జిగురులోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఉంది. కదిలించకుండా ఉన్నంతవరకు అవి పెద్దగా హాని చేయవు. పగలగొట్టినపుడు, గీకినపుడు లేచే ధూళే ప్రమాదం. ప్రయోగశాలలో పరీక్ష చేయించే దాకా సుత్తి పట్టనివ్వకండి. ఉందని తేలినా, పలకలు గట్టిగా ఉంటే వాటిపై మరొక నేల పరచి వదిలేయడం మేలు.

తెల్లటి పొడి బూజు కాదు. గోడ గుండా వచ్చిన నీరు ఆరిపోతూ వదిలి వెళ్ళిన లవణం. దానిని తుడవడం సులభం, అది చెబుతున్న సంగతిని తుడిచేయలేము. బ్లాకులు లోపల బోలుగా ఉంటాయి కనుక బయటి నీరు ఆ గూళ్ళలో నిలిచి కింది వరుసలలో ఊరుతుంది. లోపలివైపు పెయింటు వేస్తే నీరు ఆగదు, పెయింటునే నెట్టుకుంటూ వస్తుంది. రెండు మూడేళ్ళలో పొరలుగా ఊడిపోయే పనికి మీరు డబ్బు పోయనక్కరలేదు. ముందు పై జవాబులో చెప్పిన డౌన్‌స్పౌట్ల పని, మట్టి వాలు పని చేయించండి. అంతటితో తగ్గకపోతే గోడ మొదట్లో లోపలివైపు నేలను కోసి, చిల్లుల గొట్టం పరచి, బ్లాకుల అడుగున రంధ్రాలు వేసి, ఆ నీటిని సంప్ గుంటలోకి మళ్ళించడమే శాశ్వతమైన మార్గం. అది పూర్తయి గోడ పొడిగా నిలిచిన తరువాత ఫోమ్ బోర్డు అంటించవచ్చు; ఎడిసన్ నాలుగవ మండలంలో ఉంది కనుక రెండంగుళాల ఎక్స్‌పీఎస్ ఇచ్చే ఆర్-10 సరిపోతుంది. వేసవిలో కిటికీలు తెరిస్తే వాసన పోతుందన్న నమ్మకం వదులుకోండి. బయటి ఉక్క గాలి చల్లని గోడ మీద నీరవుతుంది. కిటికీలు మూసి, గాలిలోని తేమను లాగే డీహ్యుమిడిఫయర్‌ను యాభై శాతం దగ్గర ఉంచి, దాని గొట్టాన్ని నేరుగా సంప్‌లోకి వదలండి. బకెట్టు పెడితే నిండినపుడు అది ఆగిపోతుంది, ఖాళీ చేయడం మీరు మరచిపోతారు.

అద్దె ఆలోచన మాత్రం మానుకోమని చెబుతాను. ఒక కుటుంబానికే అనుమతించిన వీధిలో బేస్‌మెంట్‌ను అద్దెకివ్వడం చాలా ఊళ్ళలో చట్టవిరుద్ధం. చట్టం మాట అలా ఉంచినా, 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను అవశేషాలు కురిపించిన వానకు న్యూయార్కు నగరంలో బేస్‌మెంట్ ఇళ్ళలో పదకొండు మంది మునిగి చనిపోయారు. వాటిలో ఎక్కువ అనుమతి లేని గదులే. నీరు తోసుకువస్తుంటే లోపలికి తెరుచుకోవలసిన తలుపైనా, బయటికి తెరుచుకోవలసిన తలుపైనా మనిషి బలానికి లొంగదు. ఇప్పటికే గోడలోంచి నీరు ఊరుతున్న మీ ఇంట్లో ఎవరి బిడ్డనో పడుకోబెట్టవద్దు.

ప్రశ్న: బేస్‌మెంట్ నేలకు కార్పెట్ మంచిదా, వినైల్ పలకలా?
— ఒక పాఠకురాలు, నోవై, మిషిగన్

జవాబు: కాంక్రీటు మీద నేరుగా కార్పెట్ వద్దు, కింద చెమ్మ పట్టిన కార్పెట్‌ను ఆరబెట్టడం కంటే పారవేయడమే తేలిక. నేల పొడిగా ఉందని మొదటి జవాబులో చెప్పిన ప్లాస్టిక్ పరీక్షలో తేలితే వినైల్ ప్లాంకులు చాలు, ఒకసారి నీళ్ళు వచ్చినా విప్పి ఆరబెట్టి మళ్ళీ వేసుకోవచ్చు. కాళ్ళకు చలి తెలియకూడదనుకుంటే కింద బుడిపెల ప్లాస్టిక్ ఉన్న సబ్‌ఫ్లోర్ పలకలు వేయించి, వాటిపై మీకు నచ్చినది పరచుకోండి. సీలింగు ఎత్తులో ఒక అంగుళం పోతుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఒహాయోలో బేస్‌మెంట్‌ను చక్కని గదిగా మార్చుకున్నాడు. హైదరాబాదులో మా ఇంటి సెల్లార్‌ను కూడా అలాగే ఇన్సులేషన్ చేయించి పడకగదిగా మార్చవచ్చునా? వేసవిలో అక్కడ చల్లగా ఉంటుంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మార్చరాదు. 2012లో వచ్చిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుల భవన నియమాల ప్రకారం సెల్లార్ ప్రధానంగా వాహనాలు నిలపడానికి, నివాసానికి కాదు. ఒహాయోలో పునాదిని చలికి గడ్డకట్టే మట్టికంటే లోతుగా వేయవలసి ఉంటుంది కనుక ఆ లోతును గదిగా వాడుకోవడం అక్కడి అవసరం నుంచి పుట్టిన పద్ధతి. మన దగ్గర ఆ అవసరమే లేదు. వీధికంటే పల్లంలో ఉన్న సెల్లార్‌లోకి కుండపోత వాన నీరు ఎంత వేగంగా దిగుతుందో మీ కాలనీలోనే చూసి ఉంటారు. 2024 జులైలో ఢిల్లీ పాత రాజేంద్రనగర్‌లో గ్రంథాలయంగా వాడుతున్న ఒక కోచింగ్ కేంద్రపు సెల్లార్ మునిగి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు.

సెల్లార్ చల్లగా ఉండడానికి కారణం చుట్టూ ఉన్న మట్టి. ఇన్సులేషన్ చేయిస్తే ఆ మట్టి చల్లదనాన్నే గదికి దూరం చేసినవారవుతారు. మీ ఇంట్లోకి వేడి దిగేది మేడమీది స్లాబు నుంచి. ఆ డబ్బును అక్కడ ఖర్చు పెట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ప్రోత్సహిస్తున్నది కూడా ఇదే: ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత గానీ తెల్లని పలకలు గానీ పైకప్పుకు వేయడం. వేయించే ముందు మేడ వాలు నీటిగొట్టం వైపే ఉందో లేదో రెండు బకెట్లు పోసి చూడండి. నీరు నిలిచే చోట ఏ పూతా ఎక్కువకాలం ఉండదు.